45 మార్కుల మజా

సాఫ్‌గా చెప్పేస్తాను, తర్వాత తిట్టేవాళ్లు తిట్టుకోండి. 'ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్' అనే వీడియో గేమ్ నాకు ఇష్టం. టైంపాస్ అని కాదు, ఫర్వాలేదు అనీ కాదు. ఇష్టం. శురూ నుంచి ఆఖరు దాకా మూడుసార్లు ఆడాను, నాలుగోసారి నడుస్తోంది.

ఈ ముక్క అన్నందుకే ఆటలు తెలిసిన కుర్రాళ్లు నన్ను జాలిగా చూస్తారు. ఎందుకంటే ఇది బద్నామ్ ఆట. 2013 ఫిబ్రవరి 12న బయటికొచ్చింది, వచ్చిన వారమే ఛీ కొట్టించుకుంది. మెటాక్రిటిక్ అని ఒక సైటుంది. పత్రికలవాళ్లు రాసిన రివ్యూలన్నీ పోగేసి నూటికి ఇన్ని అని ఒక నంబరు వేస్తుంది. అందులో ఈ ఆటకు కంప్యూటర్ మీద 45, ఎక్స్‌బాక్స్ 360 మీద 48, ప్లేస్టేషన్ 3 మీద 43. మన దగ్గర పదో తరగతిలో 35 వస్తే పాస్, మొహల్లా అంతా మిఠాయి పంచుతాం. అక్కడ 45 వస్తే జనాజా లేచినట్టే.

మా ఆపా కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సెలవులకి మా ఇంటికొచ్చి నా భుజం మీదుగా స్క్రీన్ చూశాడు.

"క్యా మామూ, యే గేమ్ ఖేల్‌రే?"

"క్యూఁ బేటా, ఖరాబ్ హై?"

"ఫార్టీఫైవ్ హై మామూ."

"తూ ఖేలా?"

"నై. రివ్యూ దేఖా."

ఆ 'రివ్యూ దేఖా' మీదే నా ఝగ్డా అంతా. వాడు బంగారంలాంటి పిల్లాడు, వాడితో కాదు. సాలన్ గిన్నె మూత తీయకుండానే ఉప్పు తక్కువైందనే మనిషిని మన దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోబెట్టుకుంటామా? మరి ఆటల విషయంలో, సినిమాల విషయంలో ఒక తరం తరమే అలా తయారైంది. నాలుక వాళ్లది, రుచి మాత్రం ఎవరో అమెరికాలో కూర్చుని పదేళ్ల కిందట చెప్పింది.

తెలియనివాళ్ల కోసం ఖిస్సా ముఖ్తసర్‌గా. 1986లో జేమ్స్ కామెరాన్ తీసిన 'ఏలియన్స్' సినిమా మీలో కొందరైనా చూసే ఉంటారు. దూరపు గ్రహం మీద మనుషులు కట్టుకున్న బస్తీ, అందులో పడిన రాక్షసి జంతువులు, వాటి రక్తం తేజాబ్, కాపాడటానికి వెళ్లిన ఫౌజ్ దాదాపు అంతా ఖతం. ఈ ఆట ఆ సినిమా తర్వాతి కథ. సులాకో అనే ఓడ నుంచి ఆపద కబురు అందుతుంది, దాన్ని వెతుక్కుంటూ ఇంకో ఫౌజ్ వెళ్తుంది, అందులో మీరు వింటర్ అనే కార్పోరల్. మొత్తం 11 మిషన్లు. సినిమాలో హిక్స్‌గా, బిషప్‌గా చేసిన మైకేల్ బీన్, లాన్స్ హెన్రిక్సన్ ఇందులోనూ గొంతు ఇచ్చారు.

మీ చేతిలో మోషన్ ట్రాకర్ అనే డబ్బా ఉంటుంది. చుట్టుపక్కల ఏదైనా కదిలితే టిక్ టిక్ మంటుంది. దగ్గరికొచ్చేకొద్దీ చప్పుడు తొందరపడుతుంది. ఆ డబ్బా చూడాలంటే తుపాకి దించాలి, తుపాకి ఎత్తితే డబ్బా కనిపించదు. ఇంతే సంగతి. ఈ ఒక్క ఏర్పాటు మీద నేను గంటలు గంటలు ఖర్చు పెట్టగలను. కారిడార్‌లో బల్బు ఒకటి మినుకుమినుకుమంటుంటుంది, టిక్ టిక్ పెరుగుతుంటుంది, ముందర ఏమీ ఉండదు. పైన ఉంటుంది.

మధ్యలో 'ద రేవెన్' అని ఒక మిషన్ ఉంది. మురుగు కాలువల సొరంగాల్లో, చేతిలో ఆయుధమే లేకుండా పోవాలి. అక్కడ ఉండేవి గుడ్డివి. చూపు లేదు, వినికిడి ఉంది. కరిగిపోయిన మొహాలతో గోడకి ఆనుకుని నిలబడి ఉంటాయి, చప్పుడైతే మీద పడి పేలిపోతాయి. ఒకటి దగ్గరికొచ్చిందంటే రాతిబొమ్మలా ఆగిపోవాలి. నేను ఆ గండం దాటేటప్పుడు నిజంగానే కుర్చీలో ఊపిరి బిగబట్టాను. వంటింట్లోంచి బేగం "చాయ్ కావాలా?" అని పిలిస్తే జవాబివ్వలేదు. ఆట నా గొంతు వినదని నాకు తెలుసు. అయినా ఇవ్వలేదు. భయం పని చేసిందనడానికి ఇంతకన్నా గవాహీ ఏం కావాలి? చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రి ఆంగన్‌లో నానీమా జిన్నుల ఖిస్సాలు చెబుతుంటే, అందరం ఒకే చద్దర్ కిందికి దూరేవాళ్లం. ఆ చద్దర్ వాసన నాకు ఆ సొరంగంలో వచ్చింది. ఈ ముక్కకి ఏ పత్రికా మార్కులు వేయలేదు.

దగా సంగతి దాచను. దాస్తే ఈ వకాలత్ చెల్లదు. ఈ ఆట రాకముందు గేర్‌బాక్స్ అనే స్టూడియో, సేగా అనే కంపెనీ కలిసి మేళాల్లో ఒక డెమో చూపించాయి. ఆ వెలుగునీడలు, ఆ పొగ, ఆ గోడలు చూసి జనం ఫిదా అయిపోయారు. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాక చూస్తే బొమ్మ వేరు, సరుకు వేరు. కారిడార్లు బోసిపోయి ఉన్నాయి, జంతువులు మందబుద్ధిగా ఉన్నాయి. బ్రిటన్‌లో ప్రకటనల మీద నిఘా పెట్టే సంస్థ దాకా ఫిర్యాదు వెళ్లింది, ఆ ట్రైలర్లు అసలు ఆటను సరిగ్గా చూపడం లేదని సేగా ఒప్పుకోవలసి వచ్చింది. అమెరికాలో 2013 ఏప్రిల్‌లో ముఖద్దమా పడింది, 2014లో సేగా 12.5 లక్షల డాలర్లు కట్టి రాజీపడటానికి సిద్ధమైంది. పనిలో కొంత భాగం టైమ్‌గేట్ అనే ఇంకో స్టూడియోకి అప్పజెప్పారని కూడా తేలింది. ఆ స్టూడియో అదే ఏడాది మూతపడింది.

ఇదంతా దగానే. 2013లో పూర్తి ధర కట్టినవాడికి కోపం రావడం హఖ్. నేను వాడి పక్షాన్నే ఉంటాను.

కానీ జనాబ్, ఒక సంగతి చూడండి. ఆ 45 దేనికి పడింది? ఇచ్చిన వాదా, తెచ్చిన సరుకు, రెండిటి మధ్య దూరానికి పడింది. నేను ఆ వాదా వినలేదు. ఆ డెమో చూసి మోజు పడలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత సేల్‌లో రెండు ప్లేట్ల బిర్యానీ ఖరీదుకి కొన్నాను. కంపెనీ చేసిన దగాకి కోర్టు ఉంది, అక్కడ ముఖద్దమా పడింది. ఆటకు మాత్రం ఉమ్ర్‌ఖైద్ ఎందుకు? తర్వాత ప్యాచ్‌లు వచ్చాయి, అభిమానులు పనిగట్టుకుని దీపాలు సరిచేశారు, జంతువుల నడక సరిచేశారు. నంబరు మాత్రం అక్కడే నిలబడి ఉంది. గోడ మీద ఆగిపోయిన గడియారంలా.

నంబరంటే నవ్వుకునే సంగతి కూడా కాదు. 2010లో 'ఫాలౌట్: న్యూ వెగాస్' చేసిన అబ్సిడియన్ స్టూడియోకి మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం. 84 వచ్చింది. బోనస్ రాలేదు. ఆ ఒక్క మార్కు ఎవరి పెన్సిల్‌లో ఆగిపోయిందో ఎవడు చెప్పగలడు? పొట్టకూటిని ఇలా ఎవరో వేసిన సగటుకి కట్టేసి, దాన్ని మెరిట్ అని పిలవడం నేను న్యూస్‌రూమ్‌లో కూడా చాలా చూశాను. నాకు కొత్త కాదు.

ఇప్పుడు అసలు మజా. ఈ ఆటలో జంతువులు ఎందుకంత మందబుద్ధిగా ఉన్నాయి? వచ్చి వచ్చి మన తుపాకి ముందరే ఎందుకు నిలబడతాయి? రివ్యూలన్నీ ఇదే ఏడుపు. 2018లో ఒక ఖబర్ దునియా అంతా పాకింది. ఆట సెట్టింగుల ఫైల్లో ఒక ఆటగాడు ఒక లైను కనిపెట్టాడట. జంతువును ఒక జాగాకి కట్టి, అక్కడి నుంచి ఎటు తిరగాలో, ఎటు నుంచి చుట్టుముట్టాలో చెప్పే ఆదేశం అది. ఇంగ్లీషులో దాని పేరు టెదర్. మన ఊళ్లో బర్రెను కట్టే పలుపు. ఆ మాట స్పెల్లింగ్‌లో 'ఈ' తర్వాత ఒక 'ఏ' అక్షరం ఎక్కువ పడింది. అంతే. కంప్యూటర్‌కి ఆ పలుపు దొరకలేదు, జంతువులకు బుద్ధి అందలేదు. ఆ ఒక్క అక్షరం చెరిపేస్తే చాలు, తిన్నగా పరిగెత్తుకొచ్చేవి కాస్తా పక్కల నుంచి చుట్టుముట్టడం మొదలుపెడతాయి. ఆట జన్నత్ అయిపోదు. కానీ కష్టమవుతుంది, భయం పెరుగుతుంది.

దునియా పడీ పడీ నవ్వింది. నాకు అంత నవ్వు రాలేదు. నేను చదివింది ఉర్దూ మీడియం. మా లిపిలో ఒక్క నుఖ్తా పైనుంచి కిందికి జారితే ఖుదా కాస్తా జుదా అయిపోతాడు. దుఆ మీద ఒక చుక్క పెడితే దగా. చిన్నప్పుడు తఖ్తీ మీద ఆ చుక్కల కోసం ఉస్తాద్ చేత ఎన్ని దెబ్బలు తిన్నామో మాకే తెలుసు. ఒక్క అక్షరం ఒక మొత్తం వస్తువు ఇజ్జత్ తీసేయగలదని మాకు ఎవరూ వచ్చి నేర్పనక్కర్లేదు.

అందుకే ఇంకో ఆట సంగతి అడుగుతాను. 2009లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2'. ఎక్స్‌బాక్స్ మీద 94, ప్లేస్టేషన్ మీద 94. నూటికి. అందులో కరాచీ అని ఒక మ్యాప్ ఉంది. దుకాణాలు, గల్లీలు, బోర్డులు. ఆ బోర్డుల మీద ఉన్నది అరబీ. కరాచీ గల్లీలో దుకాణం బోర్డు ఉర్దూలో ఉంటుంది బాబూ. అరబీలో 'పే' లేదు, 'చే' లేదు, 'టే' లేదు, 'గాఫ్' లేదు. రాసే తీరు కూడా వేరు, ఉర్దూ నస్తాలీఖ్‌లో వాలుగా దిగుతుంది. ఉర్దూ మీడియం మూడో తరగతి పిల్లాడికి చూపిస్తే నిమిషంలో పట్టేస్తాడు. కోట్లు ఖర్చు పెట్టిన ఆటలో ఒక షహర్ మొత్తం జబాన్ తప్పు రాశారు. అక్కడక్కడ కొందరు వేలెత్తి చూపారు, ఎవరూ ఒక మార్కు కోయలేదు. ఈ ఆటలో ఒక అక్షరం తప్పు పడితే ఏళ్ల తరబడి లతీఫా. ఆ ఆటలో ఒక భాషే తప్పు పడితే 94. ఏం ఇన్సాఫ్ ఇది?

అంతకు ముందు 2007లో వచ్చిన దాని అన్న కూడా 94 తెచ్చుకుంది. అందులో పేరు కూడా లేని ఒక మధ్యప్రాచ్య దేశం. పేరు పెట్టనక్కర్లేదనుకున్నారు, తుపాకికి ఎదురుగా ఎవరుంటారో చూసేవాళ్లకి అర్థమైతే చాలు. ఆ ఆటలు చేతకానివని నేననను. తుపాకి చేతిలో నిలిచే తీరు, ఘట్టం వెంట ఘట్టం పరిగెత్తే తీరు కమాల్. చేసినవాళ్లు ఉస్తాదులు. నేను అడుగుతున్నది మార్కులు వేసినవాళ్లని. గోడ మీది రంగు వెలిసిందని కోసే చెయ్యి, గోడ మీది అక్షరం మా అక్షరం కాదని ఎందుకు కోయదు? వాళ్లకి కనిపించలేదు కాబట్టి. వాళ్లకి కనిపించనిది మార్కుల్లో ఉండదు. కాబట్టి ఆ మార్కు నా మార్కు కాదు, నా భాన్జా మార్కూ కాదు.

మరి నా బద్నామ్ ఆటలో ఎదురుగా ఎవరున్నారు? తేజాబ్ రక్తం జంతువులు. తర్వాత వేలండ్-యుటాని అనే కంపెనీ జీతమిచ్చి పెట్టుకున్న కిరాయి సిపాయిలు. ఆ జంతువుల్ని హతియార్‌గా మార్చి అమ్ముకోవాలని, మధ్యలో ఎంతమంది చచ్చినా సరేననీ చూసే కంపెనీ. మనుషులతో కాల్పులు ఎక్కువైపోయాయని రివ్యూలు గొణిగాయి. అది నిజం, ఆ ఘట్టాలు నాకూ విసుగే, జల్దీ జల్దీ దాటేస్తాను. కానీ దుష్మన్‌గా ఒక ఖౌమ్‌ని కాక ఒక కంపెనీని నిలబెట్టిన ఆటలో ట్రిగర్ నొక్కేటప్పుడు నా దిల్ తేలిగ్గా ఉంటుంది. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది వాళ్లకి?

మా ఛోటా భాయ్ కువైట్‌లో ఉంటాడు. వెళ్లి పదకొండేళ్లు. ఫోన్లో మేం మాట్లాడుకునేది మీకు తెలియనిదేం కాదు, మీ ఇంట్లోనూ అదే. "ఖైరియత్?" "ఖైరియత్." "అమ్మీ దవా తింటోందా?" "తింటోంది." "పైసే పంపించా, అందాయా?" "అందాయి." ఇద్దరు అన్నదమ్ములు, ఒకే తకియా మీద పడుకుని పెరిగినవాళ్లు, మాటలు ఇంత గరీబ్ అయిపోయాయి. ఈ ఆటను నలుగురు కలిసి ఆడొచ్చు. వాడికి జుమ్మా సెలవు. మాకు రాత్రి పదైతే అక్కడ ఏడున్నర. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే వాడు నా చెవిలో ఉంటాడు. "భాయ్, పైన! పైన! అరే ఊపర్ దేఖో!" అని అరుస్తాడు. నేను చస్తే వచ్చి లేపుతాడు. తలుపు వెల్డింగ్ చేస్తున్నంతసేపూ వాడు నా వీపు కాస్తాడు. ఆ మధ్యలోనే, ట్రాకర్ టిక్ టిక్ మంటుండగా, వాడి కఫీల్ రెండు నెలలుగా జీతం ఆపాడని చెప్పాడు. ఫోన్లో ఆ మాట వాడి నోట ఎన్నడూ రాలేదు. మొహం చూడనక్కర్లేదు, చేతులకి పని ఉంది, చీకటిగా ఉంది, అందుకని వచ్చింది.

ఆటను పాజ్ చేయడం కుదరదు. వాడు ఇషాకి లేస్తే వాడి సిపాయిని ఒక మూలకి చేర్చి, ముందర నేను కాపలా కాస్తాను. ఒకసారి సలామ్ ఫేరేలోపు మూడుసార్లు చచ్చాడు పాపం. ఇంతకన్నా మంచి ఆటలు లేవా అని మీరడగొచ్చు. ఉన్నాయి. 2014లో వచ్చిన 'ఏలియన్: ఐసోలేషన్' దీనికన్నా ఎంతో మెరుగైన ఆట, నేనూ ఆడాను, వారం రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. కానీ అందులో మనిషి ఒంటరి. తమ్ముడికి జాగా లేదు.

మా తరానికి ఇది కొత్తా? వీసీఆర్ కిరాయికి తెచ్చుకున్న రాత్రులు మర్చిపోయారా? 1984 'పురానా మందిర్', 1988 'వీరానా'. రామ్సే సోదరుల సినిమాలంటే మంచి పత్రికలు ముక్కు మూసుకునేవి. బూజు పట్టిన హవేలీ, రబ్బరు మొహం షైతాన్, మధ్యలో అక్కర్లేని పాటలు. ఖాలాలు, ఫూఫీలు, పక్కింటి పిల్లలు, ఇరవై మంది ఒకే గదిలో. ఎవరైనా ఒకరు కెవ్వుమంటే ఇరవై మందీ కెవ్వుమనేవాళ్లం. ఇప్పుడు అదే రామ్సేల మీద పెద్దవాళ్లు పుస్తకాలు రాస్తున్నారు. మంచిదే. కానీ మా ఖాలాజాన్ ముప్పై ఏళ్ల ముందే, ఏ పుస్తకమూ చదవకుండానే, ఆ ఫైసలా ఇచ్చేసింది. కేసెట్ రీవైండ్ చేసి మళ్లీ పెట్టమంది.

బుజుర్గుల మాట కూడా వింటున్నాను. నలభై దాటిన మనిషివి, ఈ షైతానీ చెత్త ఏమిటి, వఖ్త్ జాయా కాదా అంటారు. జాయా అనే మాట వాట్సాప్ గ్రూపులో రోజుకి రెండొందల గుడ్‌మార్నింగ్ గులాబీలు పంపేవాళ్లు అనకూడదని నా వినతి. వారానికి రెండు గంటలు. చోటి చోటి పిల్లల్ని మాత్రం ఆ గదిలోకి రానివ్వను. యూరప్‌లో దీని డబ్బా మీద 18 అని ముద్ర ఉంది, ఆ నంబరును నేను మానుతాను. అది ఎవరు చూడకూడదో చెబుతుంది, ఎవరు ఇష్టపడకూడదో చెప్పదు.

భాన్జాకి చివరికి ఏమైందని అడుగుతారేమో. మొన్న జుమ్మా రాత్రి వాణ్ని మూడో సిపాయిగా కూర్చోబెట్టాను. మొదటి పది నిమిషాలు రివ్యూలో విన్నవన్నీ అప్పజెప్పాడు. గోడ చూడు మామూ, మొహాలు చూడు మామూ. పదకొండో నిమిషంలో ట్రాకర్ మోగింది. కువైట్ నుంచి వాళ్ల ఛోటే మామూ "చుప్!" అన్నాడు. వాడు చుప్ అయ్యాడు. ఆట బాగుందని ఇప్పటికీ ఒప్పుకోలేదు. యాభై ఇస్తానంటున్నాడు. వచ్చే వారం ఎన్నింటికి అని మాత్రం అడిగాడు.

మీరు ఆడదలిస్తే కంప్యూటర్ వెర్షనే తీసుకోండి, పూర్తి ధర పెట్టకండి, సేల్ వచ్చేదాకా సబర్ చేయండి. పెకాన్ ఇంజిన్ అనే సెట్టింగుల ఫైలు తెరిచి టెదర్ అనే మాట వెతకండి, ఎక్కువ పడిన ఆ 'ఏ' తీసేసి సేవ్ చేయండి. చేసే ముందు ఫైలుకి ఒక నకలు ఉంచుకోండి. జుమ్మా రాత్రి పదింటికి మేం ముగ్గురం ఉంటాం, నాలుగో సిపాయి జాగా ఖాళీగా ఉంది.